పూత ఊడిన చోటు

లాకప్ తలుపు తెరుచుకున్న చప్పుడుకి బావమరిది తలెత్తి చూశాడు. వచ్చింది బావ అని తెలిసి మళ్ళీ గోడకేసి తిరిగాడు.

డిటెక్టివ్ చేతిలోని క్యారియర్ బల్ల మీద పెట్టాడు. మూత మీద తెల్లటి మరకేదో ఉంటే అలవాటుగా జేబురుమాలుతో తుడిచేశాడు. పొద్దున్న భార్య ఆ క్యారియర్ చేతికిస్తూ, వాడు తిన్నాడో లేదో చూసి రండి అంది. వాణ్ణి వెంటబెట్టుకుని రండి అని ఆ మాటకి అర్థం. ఆమెకి తోడబుట్టినవాడు వీడొక్కడే. తల్లి పోయేనాటికి వీడికి సరిగ్గా మాటలు కూడా రాలేదు. ఆస్పత్రిలో వార్డు ఆయాగా చేరి, పక్కలు మార్చి, నేలలు కడిగి, ఆ జీతంతో వీణ్ణి చదివించింది. పెళ్ళయ్యాక పిల్లలు పుట్టలేదు. తమ్ముడైనా కొడుకైనా ఆమెకి వీడే.

అలాంటివాడి నెత్తిన ఇప్పుడు మూడు చావులు పడ్డాయి.

రోగుల్ని మోసుకెళ్ళే హెలికాప్టర్ ఒకటి గాల్లో ఉండగానే ఇంజన్ చెడి కూలిపోయింది. పైలట్, నర్సు, గుండెనొప్పితో వెళ్తున్న ఒక పెద్దాయన, ముగ్గురూ పోయారు. ఇంజన్ విప్పి చూస్తే లోపల తిరిగే రెక్కలు కొన్ని కరిగి విరిగిపోయి ఉన్నాయి. ఆ రెక్కలు చూడ్డానికి అరచేతిలో పట్టేంతే ఉంటాయి గానీ, తిరిగేది మాత్రం మామూలు లోహమైతే మైనమైపోయే మంటలో. వాటిని కాపాడేది పైన వేసే తెల్లటి పింగాణీ పూత. నాలుగు తలవెంట్రుకలు పేర్చినంత మందం, అంతే. ఆ పూత రాలితే రెక్క మిగలదు, రెక్క పోతే ఇంజన్ మిగలదు. ఈ ఇంజన్‌లో పూత రాలింది. దాన్ని వేసింది బావమరిది.

డిటెక్టివ్ ఎదురుగా కూర్చుని, పరాయివాణ్ణి అడిగినట్టే అడగడం మొదలుపెట్టాడు.

"ఇసుక కొట్టడం అయ్యాక రెక్కలు ట్రేలో పెట్టావు. తర్వాత?"

"గుడ్డ కప్పి పక్క గదిలోకి వెళ్ళాను. పూత పొడి ఓవెన్‌లో ఆరబెట్టాలిగా. అది తెచ్చుకుని వచ్చి పూత వేశాను. అంతే బావా."

"ఆ మధ్యలో ట్రే దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

ఆ జవాబు ప్రశ్న పూర్తి కాకుండానే వచ్చింది. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ డిటెక్టివ్‌ని వెనకాల జలగ అనేవాళ్ళు, పట్టుకుంటే వదలడని. తొందరపడి వచ్చిన జవాబు కింద ఏదో ఉంటుందని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పిన మనిషి. ఇప్పుడు ఆ పాఠం సొంత బావమరిది మీద వాడాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"తిరిగొచ్చేసరికి గుడ్డ నువ్వు కప్పినట్టే ఉందా?"

బావమరిది వేళ్ళలో వేళ్ళు బిగించుకున్నాడు. చాలాసేపు నీళ్ళు నమిలి, ఉంది అన్నాడు. ఆ తర్వాత మొహం ఇటు తిప్పాడు. కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"వదిలెయ్ బావా. సాయంత్రం సంతకం పెట్టేస్తానని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పేశాను. నా నిర్లక్ష్యమే అని రాసుకుంటారు. నీకు దణ్ణం పెడతాను, ఇంక తవ్వకు. అక్కని మాత్రం ఇటు రానివ్వకు."

ఎవర్ని కాపాడుతున్నావురా అని డిటెక్టివ్ గద్దించాడు, బతిమాలాడు, చివరికి అక్క మీద ఒట్టు పెట్టి అడిగాడు. ఆ ఒట్టు వినగానే వాడు రెండు చేతుల్లో మొహం దాచుకుని కుమిలిపోయాడు. క్యారియర్ మూత కూడా తీయలేదు. డిటెక్టివ్ దాన్ని అక్కడే వదిలి బయటికి వచ్చాడు. సంతకం పడితే ఏళ్ళ తరబడి లోపలే. అన్నేళ్ళు ఆమె తట్టుకోదు. ఆ సంగతి డిటెక్టివ్‌కి తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

బావమరిది పనిచేసే కోటింగ్ షాపు ఓనరు జ్వరమని ఇంట్లో దుప్పటి ముసుగేసుకున్నాడు. హెలికాప్టర్ కూలిన రోజు నుంచీ ఆ జ్వరం తగ్గలేదట, లాయరు తప్ప డాక్టరు వచ్చిన జాడ లేదు. షాపులో ఉన్నది ల్యాబ్ మేడం ఒక్కతే. పూతల్ని కోసి, మైక్రోస్కోపు కింద చూసి, బాగుంది బాగోలేదు అని తేల్చేది ఆవిడ. ఈ రెక్కలు బాగున్నాయని తేల్చిందీ ఆవిడే. మనిషి నిద్రలేక పీక్కుపోయింది.

డిటెక్టివ్ ఒక్కడే లోపలికి వెళ్దామనుకున్నాడు గానీ, అప్పటికే అక్కడ శిష్యుడు కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ అతను. ఒకప్పుడు డిటెక్టివ్ చేతి కింద పని నేర్చుకున్నవాడు. గురువుగారూ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవం ఎంత, వెటకారం ఎంత అన్నది డిటెక్టివ్‌కి ఏనాడూ కొరుకుడు పడలేదు.

"రండి గురువుగారూ. చుట్టం కేసు మీరు చూడకూడదు. అయినా వచ్చారు కాబట్టి చూడండి, ముట్టుకోకండి."

"నువ్వు మూడు రోజులుగా చూస్తున్నావుగా. ఏం కనిపించింది?"

"ఒక పనివాడు, ఒక చెడిపోయిన పని. ఇంకేం కావాలి?"

డిటెక్టివ్ గది చుట్టూ నడిచాడు. ఈ మూల ఇసుక కొట్టే అద్దాల పెట్టె. లోహాన్ని గరుగ్గా చేయడానికి అందులో గాలితో ఇసుకని విసురుగా కొడతారు, నున్నటి లోహం మీద పూత పట్టదు. దాని పక్కన బల్ల, బల్ల మీద రెక్కల ట్రే. ఆ మూల పూత వేసే బూత్. బూత్ గోడకి ఒక కొక్కెం. ఆ కొక్కెం దగ్గర డిటెక్టివ్ ఆగాడు.

అదెందుకో ల్యాబ్ మేడం చెప్పింది. పూత వేసిన రెక్కని కోసి చూస్తే రెక్క పోతుంది. అందుకని ప్రతిసారీ అదే లోహంతో చేసిన బిళ్ళ ఒకదానికి కూడా రెక్కలతో పాటే ఇసుక కొట్టి, ఈ కొక్కేనికి తగిలించి, పూత చిమ్మే అదే గన్నుతో అదే పూత వేస్తారు. తర్వాత ఆ బిళ్ళని కోస్తారు. బిళ్ళ బాగుంటే రెక్కలూ బాగున్నట్టే లెక్క. ఆ రోజు బిళ్ళ అద్దంలా వచ్చింది. ఆవిడ దాన్ని తీసి చూపించింది కూడా. గోటితో గీకినా, కత్తితో గీకినా పూత చెక్కు చెదరలేదు.

డిటెక్టివ్ ఆ బిళ్ళని శిష్యుడి ముందు పెట్టాడు.

"పొడి మంచిదే. గన్ను మంచిదే. ఇసుక కొట్టిన చెయ్యి మంచిదే. వీటిలో ఏది చెడినా ఈ బిళ్ళ కూడా చెడాలి. బిళ్ళ కొక్కేనికి వేలాడింది, రెక్కలు ట్రేలో ఉన్నాయి. తేడా అదొక్కటే. జరిగిందేదో ట్రేలో జరిగింది."

శిష్యుడు కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. డిటెక్టివ్ మేడం వైపు తిరిగి, ఇసుక కొట్టిన రెక్కని చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందని అడిగాడు.

ఆవిడ బిళ్ళని వెనక్కి తీసుకుంది. "ఇసుక కొట్టిన లోహం ఆకలి మీదుంటుంది సార్. ఏది తగిలితే దాన్ని పట్టేసుకుంటుంది. చెమట, జిడ్డు, ఏదైనా సరే. ఇక ఆ చోట పూత పైపైన కూర్చుంటుందే గానీ పట్టదు. కంటికేమీ తెలీదు. వేడెక్కీ చల్లారీ, వేడెక్కీ చల్లారీ, ఒక రోజు రాలిపోతుంది. అందుకే ఒట్టి చేత్తో ముట్టుకోం. మీ బావమరిదైతే గ్లౌజుల మీద గ్లౌజులు వేసుకుంటాడు. చేతులకి జబ్బేమోనని కొత్తలో అనుకున్నాను."

"ఆ రోజు ట్రే మీద గుడ్డ చూశారా?"

ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని భయపడుతున్నట్టు ఆవిడ కుర్చీలో కూలబడింది. చూశాను అంది. రోజూ అతను గుడ్డ ఊరికే పైన పడేసి పోతాడట. ఆ రోజు నాలుగు అంచులూ ట్రే కిందకి మడిచి, ఎక్కడా ముడత లేకుండా కప్పి ఉందట. ఏంటీ, ఇవాళ ఇంత ముస్తాబు చేశావు అని ఆవిడ ఆటపట్టించింది కూడా.

"అతనేమన్నాడు?" అని అడిగింది శిష్యుడు.

"ఏమీ అనలేదు. గుడ్డకేసి చూసి చిన్నగా నవ్వుకున్నాడు. గుడ్డ ఎవరైనా కదిపితే రెక్కలకి మళ్ళీ ఇసుక కొట్టాలి సార్. అది మా రూలు. అతను కొట్టలేదు. నేనూ పట్టుబట్టలేదు. అవతల హెలికాప్టర్ వాళ్ళు ఒకటే ఫోన్లు, రోగులు ఎదురుచూస్తున్నారు అని. మళ్ళీ కొడితే ఆ రోజుకి అవదు. గుడ్డేగా మడిచింది అనుకున్నాం."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నర్సు తమ కాలనీ పిల్లేనని, ఆ ఇంటి ముందు నుంచి నడవలేక చుట్టుదారిన వస్తున్నానని చెప్పింది.

శిష్యుడు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు. "నవ్వుకున్నాడు," అన్నాడు తనలో తానే అన్నట్టు. "అలా మడిచిందెవరో అతనికి తెలుసన్నమాట."

సరిగ్గా ఆ మాటనే డిటెక్టివ్ పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. జలగ కళ్ళు అప్పటికే ఇంకోచోట అతుక్కుని ఉన్నాయి. ఆ రోజు పూత వేసినవాటిలో ఇంజన్‌లోకి పోగా రెండు రెక్కలు ఇక్కడే మిగిలాయని మేడం అంది. అవి ఇప్పుడు బీరువాలో సీలు వేసి ఉన్నాయి.

వాటిని కొలిమిలో పెట్టి చూద్దాం అన్నాడు డిటెక్టివ్. సాక్ష్యం పాడవుతుందని శిష్యుడు అడ్డు చెప్పాడు. పాడవ్వాల్సిన మనుషులు ఎలాగూ పాడయ్యారు, ఇంకా దేన్ని దాచుకుంటావు అన్నాడు డిటెక్టివ్. ఇద్దరి గొంతులూ లేచాయి. పాత రోజుల్లో ఎవరు ఎవరి కేసు చెడగొట్టారన్న దాకా పోయింది వ్యవహారం. చివరికి శిష్యుడే మెత్తబడి, తన ఎదుటే చేయాలని, ప్రతిదీ ఫోటో తీయాలని షరతు పెట్టి సీలు తెంపాడు.

మేడం ఆ రెండింటినీ పటకారుతో కొలిమిలో పెట్టింది. ఎర్రగా కాలాక తీసి చల్లగాలి కొట్టింది. మళ్ళీ లోపల పెట్టింది, మళ్ళీ తీసింది. ఇంజన్ మొదలైనప్పుడూ ఆగినప్పుడూ రెక్కకి జరిగేది ఇదేనట. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. చాలాసార్లు తిప్పాక మొదటి రెక్క మీద చిటుక్కుమంది. పూతలోంచి బఠాణీ బద్దంత పెంకు లేచి బల్ల మీద పడింది. కాసేపటికి వెనకవైపు మరో రెండు పెంకులు లేచాయి. రెండో రెక్క మీదా అంతే. అదే చోట, అదే వరసలో.

డిటెక్టివ్ గ్లౌజు తొడుక్కుని, చల్లారిన రెక్కని ఆ ఊడిన చోట్ల పట్టుకుని చూశాడు. ఇటు బొటనవేలు, అటు రెండు వేళ్ళు. పట్టు సరిపోయింది గానీ అతని వేళ్ళు ఆ గుర్తుల్ని దాటి బయటికి వచ్చాయి. వాటిని పట్టుకున్న చెయ్యి చిన్నది.

గుండెల మీద నుంచి బండ కాస్త కదిలినట్టయింది. బావమరిది చేతులు చేటలంత ఉంటాయి. పైగా గ్లౌజుల మీద గ్లౌజులు.

ఊడిన చోట ఏముందో చూడమన్నాడు. ఏ వస్తువులో ఏ లోహం ఉందో చెప్పే యంత్రం ఒకటి మైక్రోస్కోపుకి తగిలించి ఉంది. మేడం రెక్కని దాని కింద పెట్టి తెరకేసి చూసి నొసలు చిట్లించింది. జింక్ అంది. మిగతా చోట లేదు, ఆ వేళ్ళ గుర్తుల్లోనే ఉంది.

"మా షాపులో జింక్ అన్నమాటే లేదు సార్."

"మరి ఎక్కడుంటుంది?"

ఇనుముకి తుప్పు పట్టకుండా జింక్ పూస్తారని, కొన్ని రంగుల్లో, రబ్బరులో, కొన్ని రకాల ఆయింట్‌మెంట్లలో కూడా ఉంటుందని ఆవిడ చెప్పుకుపోతోంది. డిటెక్టివ్ మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాడు. వెనక వీధిలో ఇనుముకి జింక్ పూత వేసే కార్ఖానా ఉంది. ఈ హెలికాప్టర్ పని మొదట వాళ్ళకే వెళ్ళాల్సింది. వాళ్ళు కొత్తగా పింగాణీ పూతల యంత్రం తెచ్చుకున్నారు, చివరి నిమిషంలో పని చేజారిపోయింది. ఆ ఓనరు, వీళ్ళెలా చేస్తారో చూస్తానని నలుగురిలో తొడ కొట్టినంత పని చేశాడు. అన్నీ వచ్చి వాటంతటవే ఒళ్ళో పడుతున్నట్టు అనిపించింది. ఇలా ఒళ్ళో పడేవాటినే నమ్మకూడదని ఇదే డిటెక్టివ్ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

"రాసుకో," అన్నాడు శిష్యుడితో. "పొరపాటున ముట్టుకున్నవాడు ఒకదాన్ని ముట్టుకుని వదిలేస్తాడు. ఇక్కడ మిగిలిన రెండింటి మీదా ఒకటే పట్టు. అంటే ట్రేలో ప్రతి రెక్కనీ తీసి పట్టుకున్నారు. పట్టుకుని మళ్ళీ వరసగా పేర్చారు. పేర్చి, అనుమానం రాకుండా గుడ్డ అంచులు మడిచిపెట్టి మరీ పోయారు. ఇది నిర్లక్ష్యం కాదు. తెలిసి, కావాలని, మనుషులు చావాలని చేసిన పని. హత్య అని రాయి."

శిష్యుడు కలం తీసి ఆగాడు. "గురువుగారూ, ఆ మాట రాశాక నేను చెరపను. ఆ చెయ్యి ఎవరిదైనా సరే."

"చెరపమని నేను అడగను."

"అయితే నాదీ ఒక మాట. ఆ చెయ్యి దొరికిన రోజునే మీ బావమరిదిని వదిలేస్తాను."

శిష్యుడు రాశాడు. మేడం సాక్షిగా సంతకం చేసింది. డిటెక్టివ్ ఆ కాగితం తీసుకుని చదివి, ఒకచోట మాట మెత్తగా ఉందని దిద్దించి మరీ తిరిగిచ్చాడు. సాయంత్రం పడాల్సిన బావమరిది సంతకం ఇక పడదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాడు. ఆ రోజు బయటివాళ్ళెవరైనా వచ్చారా అని. బయటివాళ్ళెవరూ రాలేదండీ, మనవాళ్ళు తప్ప అన్నాడు వాచ్‌మన్. మనవాళ్ళెవరు అని అడగాలని డిటెక్టివ్‌కి తోచలేదు. జింక్ కార్ఖానావాడు గోడ దూకి వచ్చుంటాడు అనుకున్నాడు. ముందు ఇంటికెళ్ళి భార్యకి ఈ కబురు చెప్పాలి, ఆమె పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వెనక్కి తిరిగి చూస్తే శిష్యుడు వాచ్‌మన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటున్నాడు.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె పడగ్గదిలో ఉంది. తమ్ముడు వస్తే పడుకోవడానికని వాడి మంచం సిద్ధం చేస్తోంది. ఏడుపు వచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి సర్దుతుంది, ఇన్నేళ్ళుగా డిటెక్టివ్ చూస్తున్నదే. శుభవార్త చెబుదామని గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు.

ఆమె ఉతికిన దుప్పటి పరుపు మీద పరిచింది. అరచేత్తో ముడతలు లేకుండా దిద్దింది. ఒక మూల ఎత్తి, అంచు మడిచి, పరుపు కిందకి దోపింది. రెండో మూల. మూడో మూల. వార్డులో రోజూ ఎన్నో పక్కలు అలాగే వేసి వేసి, ఉద్యోగం మానేశాక కూడా ఆ చేతులకి ఇంకోలా పరచడం రాదు. నాలుగో మూల దోపి, తృప్తిగా ఒకసారి తట్టింది.

డిటెక్టివ్ నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. చెమటలు పట్టాయి. జేబురుమాలు తీసి మొహం తుడుచుకోబోతే గుప్పుమని మందు వాసన వచ్చింది. పొద్దున్న క్యారియర్ మూత తుడిచిన మరక అందులోనే ఉంది, తెల్లగా. ఆస్పత్రిలో మందునీళ్ళతో నేలలు కడిగీ కడిగీ ఆమె చేతులు పగిలిపోయాయి. రోజూ తెల్లటి ఆయింట్‌మెంటు రాసుకోనిదే వేళ్ళు ముడుచుకోవు. అది అయిపోయినప్పుడల్లా కొనుక్కొచ్చేది తనే. ట్యూబు మీద మందు పేరుకి ముందు ఏ మాట ఉంటుందో కళ్ళు మూసుకున్నా చెప్పగలడు.

"వచ్చారా?" అంది ఆమె. "వాడు తిన్నాడా?"

అతను మంచం అంచున కూర్చున్నాడు. ఆ రెక్కలకి పూత పడ్డ వారంలో తను ఊళ్ళో లేడు. "నేను కేసు పని మీద ఊళ్ళో లేని వారంలో వాడి షాపుకి వెళ్ళావా?"

"వెళ్ళాను. వాడు పనిలో పడితే తిండి ధ్యాస ఉండదుగా, క్యారియర్ పట్టుకెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళేదేగా." దిండు గలేబు తొడుగుతూ తాపీగా చెప్పుకొచ్చింది. వాడు పక్క గదిలో ఉన్నాడట. బల్ల మీద క్యారియర్ పెట్టడానికి చోటు లేక ట్రే కొంచెం జరపబోతే, లోపల నిలబెట్టినవన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయట.

"పాపం, ఎంత పొందిగ్గా పెట్టుకున్నాడో. రాసుకుని గీతలు పడతాయేమోనని ఒక్కొక్కటే తీసి, ఎలా ఉన్నవాటిని అలా నిలబెట్టాను. దుమ్ము పడకుండా గుడ్డ కూడా గట్టిగా కప్పి వచ్చాను. ఆ గన్ను జోలికి వెళ్ళకు, కాలుతుంది అని ఎప్పుడూ చెబుతుంటాడు. దాని వైపు చూడను కూడా చూడలేదు." గలేబు తొడగడం ఆపి ఆశగా మొహంలోకి చూసింది. "ఏం, నేను ఆ మాట చెబితే వాడికేమైనా ఉపయోగమా? వాడు ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నాడో నా కళ్ళతో చూశాను. ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతాను."

డిటెక్టివ్‌కి ఏడవాలనిపించింది. గుడ్డ చూసి వాడెందుకు నవ్వుకున్నాడో ఇప్పుడు తెలిసింది. అక్క వచ్చి వెళ్ళిందని నవ్వుకున్నాడు. అక్క గుడ్డ మాత్రమే సర్దిందనుకున్నాడు. హెలికాప్టర్ కూలి, పూత ఊడిందని విన్న రోజున వాడికి మిగతాది కూడా తెలిసిపోయింది. అక్క ఎప్పటికీ ఆ సంగతి తెలుసుకోకూడదనే జైలుకి సిద్ధపడ్డాడు. ఆ చిన్న పిచ్చి ఉపాయాన్ని కూడా తను వదల్లేదు. తవ్వకు బావా అని చేతులు జోడించినా వినకుండా తవ్వాడు. తవ్వి, హత్య అని దగ్గరుండి రాయించి, మాట మెత్తగా ఉందని దిద్దించి మరీ వచ్చాడు.

"ఎవరితోనూ అనకు," అన్నాడు. "ఆ రోజు వెళ్ళానని ఎవరితోనూ అనకు."

"ఎందుకు? నేనేం తప్పు చేశాను?"

చెబితే ఈ మనిషి బతకదు. వార్డులో ముక్కూమొహం తెలియని రోగి పోతేనే రెండు రోజులు అన్నం మానేసిన మనిషి. చెప్పకపోతే, ఆ చెయ్యి దొరికేదాకా వాడు లోపలే మగ్గుతాడు. ఇద్దరిలో ఎవర్ని ఇవ్వాలో తేల్చుకోవడానికి ఒక్క రాత్రి దొరికితే చాలనుకున్నాడు.

తలుపు చప్పుడైంది.

శిష్యుడు ఒక్కడే వచ్చాడు. చెప్పులు బయటే విప్పి లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మొహంలో వెటకారం లేదు, అది చూసే డిటెక్టివ్‌కి ఎక్కువ భయం వేసింది. వాచ్‌మన్ చాలా మంచివాడని, అడిగినవన్నీ చెబుతాడని అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడని తెలిసి ఆమె గబగబా వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. వద్దనడానికి డిటెక్టివ్ లేచాడు గానీ అప్పటికే గ్లాసు టీపాయి మీద ఉంది. తడిసిన స్టీలు మీద మూడు తెల్లటి మచ్చలు పడ్డాయి. ఇటు ఒకటి, అటు రెండు.

"ఇలా ఇవ్వు, కడిగి తెస్తాను," అని చెయ్యి చాచాడు డిటెక్టివ్.

శిష్యుడి చెయ్యి ముందు చేరింది. జేబులోంచి ఉతికిన రుమాలు తీసి, గ్లాసుని అంచు దగ్గర పట్టుకుని, నీళ్ళు కిటికీలోంచి పారబోశాడు. తర్వాత రుమాల్లో మెల్లగా చుట్టాడు. గురువు నేర్పినట్టే, గుర్తులకి ఎక్కడా బట్ట తగలకుండా చుట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ తలెత్తి ఎవరి మొహమూ చూడలేదు.

ఆమెకి అదేమీ అర్థం కాలేదు. గ్లాసు శుభ్రంగా లేదేమో అనుకుని నొచ్చుకుంది. అయినా అడగాల్సింది అడగకుండా ఉండలేకపోయింది.

"మా తమ్ముణ్ణి ఎప్పుడు వదిలిపెడతారు బాబూ?"

శిష్యుడు లేచి నిలబడ్డాడు. రుమాలు చుట్టిన గ్లాసు రెండు చేతుల్లో ఉంది.

"ఈ రోజేనమ్మా. మీవారికి మాటిచ్చాను."

ఆమె మొహం విచ్చుకుంది. మూడు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారిగా కళ్ళలోంచి కారిపోయింది. పరాయివాడు ఎదురుగా ఉన్నాడని కూడా మరిచిపోయి వచ్చి మొగుడి చేతులు రెండూ పట్టుకుంది.

"మీరు పట్టుకుంటే వదలరని నాకు తెలుసు," అంది.

ఇందాకే మందు రాసుకున్నట్టుంది, ఆ చేతులు చల్లగా జిడ్డుగా ఉన్నాయి. డిటెక్టివ్ వాటిని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.